నిప్పురవ్వను నాణెం అనుకున్న యంత్రం

వీడియో గేమ్‌ల చరిత్ర ఎవరు చెప్పినా ఒక కథ తప్పకుండా చెప్తారు. 1972లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్ అనే ఊళ్ళో, ఆండీ క్యాప్స్ టావెర్న్ అనే బార్‌లో అటారి వాళ్ళు పాంగ్ అనే కొత్త యంత్రం నమూనా ఒకటి పెట్టారు. కొన్నాళ్ళకి అది పనిచెయ్యట్లేదని కబురొచ్చింది. దాన్ని తయారుచేసిన ఇంజనీరు ఆల్ ఆల్కార్న్ వెళ్ళి తలుపు తీసి చూస్తే లోపల చెడిపోయిందేమీ లేదు. నాణేలు పడే డబ్బా నిండిపోయి పొంగిపోతోంది, అంతే!

బావుంది కదా? నాకూ ఇష్టమే ఈ కథ. కానీ అదే నాణేల తలుపుకి సంబంధించి ఇంకో కథ ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. నాణెం వెయ్యకుండానే ఇలాంటి యంత్రాల్ని ఆడేసిన కుర్రాళ్ళ కథ అది. వాళ్ళు తాళం పగలగొట్టలేదు, దారం కట్టిన నాణెం లోపలికి వదల్లేదు. బూట్లు కార్పెట్ మీద నాలుగుసార్లు ఈడ్చి, వేలితో నాణేల తలుపు ఇనప్పట్టీని తాకారు. టప్పుమని ఒక చిన్న మెరుపు. ఆట మొదలు!

ఇదేదో పిల్లకాయల చిలిపి పని అని నవ్వుకుని వదిలెయ్యొచ్చు. కానీ దీని వెంబడి ఇంకొంచెం లోపలికి వెళ్తే, నా మటుకు నాకు ఎలక్ట్రానిక్స్ చరిత్రలో ఒక ముఖ్యమైన మలుపు కనిపిస్తుంది. యంత్రాల వేగం పెరిగినకొద్దీ వాటి అమాయకత్వం కూడా పెరిగింది. ఆ తరవాత చేసిన మరమ్మతులన్నీ ఆ అమాయకత్వానికి మందులే.

అంతకుముందు ఎలా ఉండేదో చూద్దాం. పాంగ్ కంటే ముందు బార్లలో ఉన్నవి పిన్‌బాల్ యంత్రాలు. వాటిని మోసం చెయ్యాలంటే కండబలం కావాలి. బల్లని ఎత్తడం, కుదపడం, గుద్దడం. దానికి విరుగుడుగా 1930ల్లో హ్యారీ విలియమ్స్ అనే ఆయన 'టిల్ట్' కనిపెట్టాడు. యంత్రాన్ని మరీ కుదిపితే ఆట ఆగిపోతుంది. మోసం యాంత్రికం, కాపలా కూడా యాంత్రికం. లెక్క సరిపోయింది.

ఆ యంత్రాల లోపలంతా రిలేలు. రిలే అంటే తెలుసుగా, ఒక తీగచుట్టలో కరెంటు పారితే అది అయస్కాంతమై ఇనప ముక్కని లాగుతుంది, స్విచ్ పడుతుంది. దానికి పదో పదిహేనో మిల్లీసెకండ్లు పడుతుంది, కరెంటు కూడా గట్టిగానే కావాలి. అదొక బద్ధకస్తుడైన గుమాస్తా లాంటిది. తలుపు ఒక్కసారి తట్టి పారిపోతే లేవడు. వచ్చినవాడు కాసేపు నిలబడి తడుతూ ఉంటేనే కుర్చీలోంచి కదుల్తాడు. కార్పెట్ మీద పుట్టిన నిప్పురవ్వ ఎంత గట్టిగా తట్టినా, ఆయన కళ్ళు తెరిచేసరికి అక్కడ ఎవరూ ఉండరు. కాబట్టి ఆ యంత్రాలకి ఈ జబ్బు సోకలేదు. వాటి బద్ధకమే వాటికి కాపలా.

ఇక పాంగ్ సంగతి. దాంట్లో ప్రోసెసర్ లేదు, ప్రోగ్రాం లేదు. ఒక్క లైను కోడ్ కూడా లేదంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు :-) అరవై పైచిలుకు చిప్పుల్ని ఒక బోర్డు మీద అతికించి, బంతి ఎక్కడుందో, బ్యాటు ఎక్కడుందో, స్కోరు ఎంతో అంతా వైరింగ్‌తోనే తేల్చారు. ఆ చిప్పులు టీటీఎల్ జాతివి. 5 వోల్టుల మీద పనిచేస్తాయి. 0.8 వోల్టు కంటే తక్కువుంటే 'సున్నా', 2 వోల్టులు దాటితే 'ఒకటి'. సున్నా నుంచి ఒకటికి మారడానికి ఒక గేటుకి పట్టే సమయం సుమారు 10 నానోసెకండ్లు. రిలే కంటే పది లక్షల రెట్లు చురుకైన గుమాస్తా అన్నమాట. తలుపు మీద ఈగ వాలినా లేచి నిలబడి నమస్కారం పెడతాడు!

ఇప్పుడు ఆ ఈగ ఎంత పెద్దదో లెక్క వేద్దాం. భయపడకండి, ఇంటర్ ఫిజిక్స్ చాలు.

మనిషి శరీరం కూడా ఒక చిన్న కెపాసిటరే. ఇంజనీర్లు లెక్కల కోసం దాన్ని 100 పికోఫారడ్‌లు అనుకుంటారు, చర్మం నిరోధం 1500 ఓమ్‌లు అనుకుంటారు. పొడిగాలిలో సింథటిక్ కార్పెట్ మీద నడిస్తే ఒంటి మీద 10,000 వోల్టులు చేరడం పెద్ద విశేషం కాదు. మన కోస్తా ఊళ్ళలో గాలి ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి దీని సంగతి మనకి పెద్దగా తెలీదు. స్కూల్లో దువ్వెనతో కాగితం ముక్కల్ని లేపి వదిలేశాం, అంతే. అమెరికా వెళ్ళిన మనవాళ్ళకి మాత్రం మొదటి చలికాలంలోనే, కారు తలుపు ముట్టుకోగానే ఈ పాఠం మళ్ళీ చెప్తారు, ఫీజు లేకుండా.

100 పికోఫారడ్‌లు, 10,000 వోల్టులు. సూత్రంలో పెడితే వచ్చే శక్తి 5 మిల్లీజౌళ్ళు. ఇదెంతో తెలుసా? 25 సెంట్ల అమెరికన్ నాణెం బరువు 5.67 గ్రాములు. ఆ నాణేన్ని 9 సెంటీమీటర్ల ఎత్తు నుంచి కింద పడేస్తే విడుదలయ్యే శక్తీ సరిగ్గా అంతే. అంటే శక్తి లెక్కలో చూస్తే నిప్పురవ్వ, నాణెం దాదాపు సమానం. తేడా ఎక్కడుందంటే, నాణెం ఆ శక్తిని తీరిగ్గా ఖర్చు పెడుతుంది. స్విచ్‌ని పదుల మిల్లీసెకండ్ల పాటు నొక్కి పట్టుకుంటుంది. నిప్పురవ్వ అదే శక్తిని కొన్ని వందల నానోసెకండ్లలో ఖాళీ చేసేస్తుంది. ఆ క్షణంలో పారే కరెంటు 6 ఆంపియర్ల పైమాటే.

కుర్రాడు బోర్డుని తాకలేదు కదా, తలుపుని తాకాడు. మరి బోర్డుకి ఎలా తెలిసింది? అంత కరెంటు అంత తొందరగా పారితే చుట్టూ రేడియో తరంగాలు పుడతాయి. నాణేల స్విచ్ నుంచి బోర్డు దాకా పొడుగాటి వైరు వేలాడుతూ ఉంటుంది. అది ఏంటెన్నా లాగా ఆ తరంగాన్ని అందుకుంటుంది. 2 వోల్టులు దాటితే చాలు, అటువైపున్న చిప్పు 'ఆహా, నాణెం పడింది' అనుకుంటుంది. దానికి నాణెం అంటే ఏమిటో తెలీదు. ఒక తీగ మీద వోల్టేజి మారడమే దానికి నాణెం. పాపం దాని తప్పేముంది, మనం దానికి చెప్పిందే అంత.

దీనికి అటారి ఇంజనీర్లు చేసిన విరుగుడు నాకు భలే నచ్చింది. పాంగ్ సర్క్యూట్ పటం తెరిచి, నాణేల స్విచ్ ఉన్న మూల చూస్తే అక్కడ 'ఏంటెన్నా' అని రాసి ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళకి అయోమయం. ఇది రేడియో కాదు, టీవీ ప్రసారాలు పట్టక్కర్లేదు, మరి దీనికి ఏంటెన్నా ఎందుకు? అది ఉత్త తీగముక్క. ఒక ట్రాన్సిస్టర్‌కి తగిలించి ఉంటుంది. ఆట మొదలైందా లేదా అనే సంగతిని రెండు ట్రాన్సిస్టర్ల జోడీ గుర్తుపెట్టుకుంటుంది. నాణెం పడితే ఆ జోడీ ఒక వైపుకి మొగ్గుతుంది. నిప్పురవ్వ పుడితే ఆ తీగముక్క దాని తరంగాన్ని అందుకుని, జోడీని వెనక్కి, అంటే 'ఆట లేదు' వైపుకి నెట్టేస్తుంది.

దొంగ ఏ దారిన వచ్చాడో అదే దారిలో కాపలావాణ్ణి పెట్టారన్నమాట. నిప్పురవ్వని ఆపడం కష్టం, సరే రానీ. కానీ అది వచ్చిందని మనకి తెలిస్తే చాలు కదా! పిన్‌బాల్ టిల్ట్‌కి ఇది ఎలక్ట్రానిక్ తమ్ముడు. మామూలు ప్రోగ్రాం రాసేవాడికి ఇలాంటి ఆలోచన రావడం కష్టం, ఎందుకంటే మన ప్రపంచంలో వైరుకి వైరు తప్ప ఇంకే అర్థమూ ఉండదు.

ఈ మందుకి ఒక ఇబ్బంది లేకపోలేదు. నిజంగా డబ్బులేసి ఆడుతున్నవాడి వేలి నుంచి మెరుపు దూకినా ఆ తీగముక్కకి తేడా తెలీదు. ఎవరు దొంగ, ఎవరు దొర అని అది అడగదు. కాబట్టి అసలు మెరుపు బోర్డు దాకా రాకుండా దాన్ని పక్కదారి పట్టించాలి. ఇక్కడే వస్తుంది ఎర్తింగ్.

ఎర్త్ అనగానే మనకి గుర్తొచ్చేది ఇంటి వెనక గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలంలో నీళ్ళు పొయ్యడం. షాక్ కొట్టకుండా కాపాడేది అది. ఆర్కేడ్ పెట్టెల్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. చెక్క పెట్టె కాబట్టి ప్రమాదం లేదనిపిస్తుంది గానీ, చెయ్యి పడే చోట్లన్నీ ఇనుమే. నాణేల తలుపు, మీటలుండే పలక, తాళం. పైగా లోపలున్న మానిటర్లలో చాలావాటి చాసిస్ నేరుగా మెయిన్స్ కరెంటుతో కలిసి ఉండేది. అందుకే వాటికి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే కరెంటివ్వాలి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా తగిలిస్తే పరికరం కాలిపోవడం అటుంచి, మనిషి ప్రాణానికే ముప్పు.

కాబట్టి తలుపుకి, పలకకి, మానిటర్ ఫ్రేముకి అన్నిటికీ ఆకుపచ్చ వైరు తొడిగి, మూడో పిన్ను ద్వారా భూమికి కలపాలి. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. తమాషా ఏమిటంటే అమెరికాలో కొత్తగా వేసే వైరింగ్‌లో మూడు కన్నాల సాకెట్లు అంతటా తప్పనిసరి చేసింది 1962లో వచ్చిన ఎలక్ట్రికల్ కోడ్‌లో. అంతకుముందు కట్టిన బార్లలో రెండు కన్నాలే. పాంగ్ వచ్చేనాటికి అలాంటి బార్లకి కొదవ లేదు. అక్కడ యంత్రం పెట్టాలంటే మూడో పిన్ను విరిచెయ్యడమో, అడాప్టర్ తగిలించడమో. రెండూ మనకి కొత్తేమీ కాదుగా! ఇస్త్రీపెట్టె మూడో పిన్ను ఊడితే 'పనిచేస్తోందిగా' అని వాడేస్తాం. అక్కడా అదే తంతు. మూడో పిన్ను లేకపోయినా ఆట ఆడుతుంది, డబ్బులొస్తాయి. తేడా కనిపించేది చలికాలంలోనే. షాకుల రూపంలో, లేదా ఉచిత ఆటల రూపంలో.

సరే, ఎర్త్ వైరు ఉంది, గట్టిగానే ఉంది. అయితే సమస్య తీరినట్టేనా? లేదు. ఇక్కడ ఒక చిక్కుంది. మీటరు పొడవు వైరుకి సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. ఇంట్లో వాడే 50 హెర్ట్జ్ కరెంటుకి అది లెక్కలోకి రాదు. కానీ 6 ఆంపియర్లు 10 నానోసెకండ్లలో ఎగబాకితే, ఆ ఒక్క మీటరు వైరు రెండు చివర్ల మధ్య 600 వోల్టుల తేడా వస్తుంది! అంటే ఎర్త్ వైరుకి కట్టేసిన తలుపే, మెరుపు పడిన ఆ క్షణంలో వందల వోల్టుల మీద ఉంటుంది. భూమి అనుకున్నది భూమి కాదు. షాక్ నుంచి మనిషిని కాపాడే ఎర్త్ వేరు, మెరుపు నుంచి చిప్పుని కాపాడే ఎర్త్ వేరు. మొదటిదానికి నమ్మకమైన అతుకు చాలు. రెండోదానికి దారి పొట్టిగా, వెడల్పుగా, చిప్పుల వైరుకి దూరంగా ఉండాలి. ఆకుపచ్చ వైరు సన్నగా, పొడుగ్గా, నాణేల స్విచ్ వైరుతో కలిపి జడ అల్లినట్టు కట్టేసి ఉంటే దొంగకి మనమే నిచ్చెన వేసినట్టు.

తరవాతి మలుపు మైక్రోప్రోసెసర్. 1975లో మిడ్‌వే వాళ్ళ గన్ ఫైట్ ఇంటెల్ 8080తో వచ్చింది. 1978లో టైటో కంపెనీలో టొమొహిరో నిషికాడో చేసిన స్పేస్ ఇన్వేడర్స్ కూడా 8080 మీదే. 1979లో అటారి ఆస్టరాయిడ్స్ 6502 మీద. ఇక్కడినుంచి నాణెం పడిందో లేదో చూసే పని ప్రోగ్రాంకి వచ్చింది. హమ్మయ్య, మావాళ్ళు రంగంలోకి దిగారు :-)

దీంతో ఒక మేలు, ఒక కీడు. మేలేమిటంటే, ప్రోగ్రాం నాణేల స్విచ్‌ని ఒక్కసారి చూసి నమ్మెయ్యక్కర్లేదు. తెర మీద బొమ్మ సెకనుకి 60 సార్లు మారుతుంది. ఆ లెక్కన 16 మిల్లీసెకండ్లకోసారి స్విచ్‌ని చూస్తూ, వరసగా కొన్నిసార్లు మూసి ఉన్నట్టు కనిపిస్తేనే నాణెం అనుకోవచ్చు. నిప్పురవ్వ బతికేది నాణెం స్విచ్‌ని నొక్కే సమయంలో లక్షో వంతు. రెండోసారి చూసేసరికి ఉండదు. రిలే గుమాస్తాకి పుట్టుకతో వచ్చిన బద్ధకాన్ని ఇక్కడ కావాలని, కొలిచి మరీ రాసుకోవచ్చు. అదీ ఒక్క నాణేల స్విచ్ దగ్గరే. మిగతా యంత్రం ఎంత వేగంగానైనా పరిగెత్తొచ్చు.

కీడేమిటంటే, పాంగ్‌లో నిప్పురవ్వ మహా అయితే ఒక ఆట దోచుకునేది. ప్రోసెసర్ ఉన్నచోట అది ప్రోగ్రాం మెదడునే చెడగొట్టగలదు. చదవాల్సిన చిరునామాలో ఒక్క బిట్టు తిరగబడితే ప్రోసెసర్ ఎక్కడికో వెళ్ళి, బొమ్మల డేటాని ఆజ్ఞలనుకుని అమలు చేస్తూ కూర్చుంటుంది. తెర మీద చెత్త, స్పీకర్లో గోల, నాణేలు మింగి ఊరుకునే యంత్రం. దీనికి మందు వాచ్‌డాగ్. అదొక కౌంటర్. ప్రోగ్రాం బుద్ధిగా నడుస్తున్నంతసేపూ మధ్యమధ్యలో దాన్ని తట్టి సున్నాకి తెస్తుంటుంది. తట్టడం ఆగిందంటే ప్రోగ్రాం దారి తప్పిందని అర్థం. కుక్క మొరిగి మొత్తం యంత్రాన్ని మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడుతుంది. స్పేస్ ఇన్వేడర్స్‌లో ఇది ఉంది, ఆస్టరాయిడ్స్‌లో ఉంది, 1980లో వచ్చిన పాక్‌మాన్‌లో ఉంది. ఇవాళ ఎవరూ పక్కన లేకుండా పనిచేసే చిన్నాచితకా యంత్రాల్లో వాచ్‌డాగ్ మామూలైపోయింది. ఆర్కేడ్ పెట్టె దాని అవసరం ఎక్కువగా పడ్డ చోట్లలో ఒకటి, ఎందుకంటే దాన్ని వాడేవాడే దాని శత్రువు కూడా.

అంతటితో ఆట ముగిసిందా అంటే, లేదు. కార్పెట్‌తో పని లేకుండా జేబులో పట్టే మెరుపు యంత్రం వచ్చేసింది. మన వంటింట్లో గ్యాస్ లైటర్ ఉంటుంది చూడండి, నొక్కితే టక్కుమని నిప్పురవ్వ వస్తుంది. దాంట్లో బ్యాటరీ లేదు. ఒక స్ఫటికాన్ని చిన్న సుత్తి కొడుతుంది, ఆ ఒత్తిడికి వేల వోల్టులు పుడతాయి. 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టిన సంగతి అది. యూరప్‌లో 1980ల నాటి కుర్రాళ్ళు సిగరెట్ లైటర్లోంచి ఆ ముక్క పీకి, నాణేల కన్నం దగ్గర టకటకలాడించేవాళ్ళు. ఒకే మెరుపైతే ప్రోగ్రాం పట్టించుకోదు. వరసగా కొడుతుంటే ఎక్కడో ఒకచోట వడపోత సరిగ్గా లేని బోర్డు లొంగేది. దానితోపాటు చిప్పులు చచ్చిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఉచిత ఆట కోసం కొట్టిన దెబ్బ ఒక్కోసారి యజమాని నెలసరి రాబడిని తినేసేది. చిలిపి పని అని నవ్వుకున్నా, నష్టపోయినవాడు మాత్రం మూలనున్న చిన్న కొట్టువాడే.

అటు పరిశ్రమ కూడా ఊరుకోలేదు. 1984లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ఐఈసీ 801-2 అనే ప్రమాణం తెచ్చింది. మనిషి వేలి మెరుపుని అనుకరించే ఒక తుపాకీ లాంటి పరికరంతో యంత్రాన్ని కొట్టి, తట్టుకుంటుందో లేదో చూడాలి. 1995లో అదే ఐఈసీ 61000-4-2 అయ్యింది. మీ ఇంట్లో ఉన్న టీవీ, రౌటర్ అన్నీ ఇలాంటి దెబ్బలు తిని వచ్చినవే. కుర్రాళ్ళు లైటర్‌తో చేసిన పనినే ఇంజనీర్లు లాబ్‌లో కొలతలేసి చేస్తున్నారు.

ఇంతకీ ఈ పాత గొడవంతా ఇప్పుడెందుకంటే, దానికి రెండు కారణాలున్నాయి.

ఒకటి, ఈ పాత పెట్టెల్ని కొని బాగుచేసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పాత పవర్ సప్లై తీసేసి కొత్తది పెడతారు, మానిటర్ మారుస్తారు, రంగులేస్తారు. అన్నీ అయ్యాక లోపల ఒక ఆకుపచ్చ వైరు ఎక్కడా తగలకుండా మిగిలిపోతుంది. అది లేకపోయినా ఆట చక్కగా ఆడుతుంది. అందుకే దాన్ని వదిలెయ్యడం తేలిక. ఎర్త్ వైరుతో వచ్చిన చిక్కే ఇది. అది చేసే పని ఎప్పుడూ కనిపించదు, అది లేని రోజున మాత్రం తెలుస్తుంది. అలాంటి పెట్టె మీ కంటపడితే, ప్లగ్గు పెట్టేముందు నాణేల తలుపుకీ మూడో పిన్నుకీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడమనండి. అర నిమిషం పని.

రెండోది, ఈ చరిత్రని మనం దాచుకుంటున్న తీరు. 1997లో మొదలైన మేమ్ లాంటి ఎమ్యులేటర్లు వేల ఆటల రోమ్‌లని కాపాడాయి, చాలా గొప్ప పని. కానీ రోమ్‌లో ఉండేది ప్రోగ్రాం మాత్రమే. పాంగ్‌కి అసలు రోమే లేదు. దాని సర్క్యూట్‌ని గేటు గేటుగా అనుకరించే ప్రోగ్రాములు తరవాత వచ్చాయి గానీ, అక్కడ కార్పెట్ లేదు, పొడిగాలి లేదు, తలుపు మీద వేలు లేదు. ఆ తీగముక్కకి పనే లేదు. ఈ తరం పిల్లాడు ఆ పటం చూసి 'ఇదెందుకు పెట్టార్రా' అనుకుని కొట్టేస్తే ఆట మామూలుగానే నడుస్తుంది. ఏ పరీక్షా ఫెయిల్ అవ్వదు.

మన కోడ్‌లోనూ ఇలాంటి తీగముక్కలు ఉంటాయి. ఎవరో ఎప్పుడో ఒక చలికాలంలో ఎదురుదెబ్బ తిని పెట్టిన ఒక చిన్న తనిఖీ, ఒక చిన్న ఆలస్యం. కారణం రాసి ఉండదు. చూడ్డానికి అనవసరంగా ఉంటుంది. తీసేసేముందు, ఏ నిప్పురవ్వ కోసం దాన్ని పెట్టారో ఒక్కసారి కనుక్కోండి. పాంగ్ పటం గీసినవాళ్ళు నయం, కనీసం పక్కన 'ఏంటెన్నా' అని రాసి వెళ్ళారు.